బయటి రాష్ట్రాల పనివాళ్ళకి ఇంగ్లీషు క్లాసు, ఎట్లా మొదలుపెట్టాలి? తిరుపతి

కొర్లగుంట_అక్క:

నమస్తే అందరికీ. నేను తిరుపతిలోనే ఉంటా, బీఎడ్ చేసి ఒక ప్రైవేటు స్కూల్లో కొన్నాళ్ళు ఇంగ్లీషు చెప్పినా, ఇప్పుడు ఇంట్లోనే. మా చుట్టుపక్కల కట్టే అపార్టుమెంట్లలో, లాడ్జీల్లో, టిఫిన్ హోటళ్ళ వంటింట్లో పనిచేసేవాళ్ళు శానామంది ఒడిశా, బీహార్, బెంగాల్ నుంచి వచ్చినోళ్ళే, మీరూ చూసే ఉంటారు. మా కాలనీ సంఘం పెద్దాయనొకాయన సాయంత్రం పూట కమ్యూనిటీ హాలు ఇస్తామమ్మా, ఫ్యాను లైటు ఖర్చు మాదే, నువ్వొచ్చి వాళ్ళకి నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పించు అన్నాడు, నేనూ వెంటనే సరే అన్నా. ఎప్పట్నుంచో ఇట్లాంటిది చెయ్యాలని మనసులో ఉండేది.

తీరా కూర్చుని ప్లాన్ వేసుకుందామంటే, పిల్లలకి చెప్పినట్టు చెప్తే కుదరదని అర్థమైంది. పేర్లిచ్చినవాళ్ళలో ఒకబ్బాయి ఇంటర్ పాసయ్యాడు, ఇంకొకామెకి సంతకం పెట్టడం కూడా రాదు, ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి ఏం చెప్పాలి? పుస్తకం ఏదన్నా ఉందా? హిందీ నాకు అంతంత మాత్రమే, అది లేకుండా నడుస్తుందా? ఇంకోటి, అసలు ఇంగ్లీషే నేర్పాలా, ఇక్కడ బతకడానికి తెలుగు ముందు నేర్పాలా? ఇట్లాంటివి చేసినోళ్ళు ఎవరన్నా ఉంటే వివరంగా చెప్పండి.

బస్టాండ్_లాడ్జీ:

అక్కా మంచి పని చేస్తా ఉండారు. లాడ్జీ వాళ్ళకైతే ఇంగ్లీషే కావాలి, నేను హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ని కాబట్టి రోజూ చూస్తా ఉంటా. మన ఊరికొచ్చే యాత్రికులు ఒక రాష్ట్రం వాళ్ళు కాదు గదా, తెలుగోళ్ళు, తమిళోళ్ళు, కన్నడోళ్ళు, మరాఠీ వాళ్ళు అందరూ దిగుతారు. బీహార్ పిల్లోడు మరాఠీ వాళ్ళతో హిందీలో ఎట్లో సర్దుకుంటాడు, అదే చెన్నై నుంచి వచ్చిన ఫ్యామిలీ బకెట్ అడిగినా దుప్పటి అడిగినా బిత్తరపోయి నిలబడతాడు. వాళ్ళు రిసెప్షన్‌కి ఫోన్ చేసి మీ బాయ్‌కి ఏం చెప్పినా అర్థం కావడం లేదంటారు. పని బ్రహ్మాండంగా చేసేవాడే, మాట రాక చెడ్డపేరు.

గ్రామర్ జోలికి పోవద్దక్కా. మొదటి వారం ఒక్క మాట నేర్పించండి చాలు, "వన్ మినిట్ సార్, ఐ విల్ ఆస్క్". ఇది నోటికొస్తే ఎవరు ఏమడిగినా వాడికి బెదురు పోతుంది, జవాబు తెలియకపోయినా కిందికొచ్చి మమ్మల్ని అడిగి పోయి చెప్తాడు. ఆ తర్వాత హాట్ వాటర్ టైమింగ్స్, ఎక్స్‌ట్రా బెడ్, కొండకి బస్సు యాడ ఎక్కాలి, ఇట్లాంటివి. అంకెలు కూడా దీంట్లోనే కలిపి చెప్పొచ్చు, నడిచి పోయేవాళ్ళు మెట్లెన్ని అని అడగకుండా ఉండరు, అలిపిరి దారి 3,550, శ్రీవారి మెట్టు దారి 2,388, ఈ రెండూ ఇంగ్లీషులో గడగడా చెప్పగలిగితే వేలూ వందలూ వచ్చినట్టే.

టైము మాత్రం లాడ్జీ వాళ్ళకి సాయంత్రం పెట్టకండి, అప్పుడే రూములు నిండేది. మధ్యాహ్నం రెండు తర్వాత రవంత ఖాళీ దొరుకుతుంది. సైటు వాళ్ళకి అది కుదరదు, రెండు బ్యాచిలు తప్పేట్టు లేదు.

సైట్_ఇంజినీర్:

లాడ్జీల వరకు పై అన్న చెప్పింది కరెక్టు. బిల్డింగ్ పనికి మాత్రం తెలుగే ముందు మేడమ్, అందులోనూ మర్యాద తెలుగు.

ఎందుకంటున్నానంటే, మా సైట్లో ఒడిశా అబ్బాయి ఒకడుండేవాడు, నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు. వాడు నేర్చుకున్న తెలుగంతా బేల్దారి మేస్త్రి నోటి నుంచి విన్నదే, రారా, తేరా, ఎత్తరా, ఇంతే. ఒకరోజు ఇంటి ఓనరమ్మ పని చూసుకోడానికి వచ్చి ఎండలో నిలబడి ఉంటే పాపం వాడే పరిగెత్తిపోయి కుర్చీ తెచ్చి, గుడ్డతో తుడిచి, నవ్వుతా "కూర్చోరా" అన్నాడు. ఆమె మొహం ఎర్రబడిపోయింది, వీణ్ణి రేపట్నుంచి ఇక్కడ చూడకూడదు అనేసింది. నేను నచ్చజెప్పి ఆపినా గానీ వాడికి సాయంత్రం దాకా తనేం చేసినాడో తెలీదు, కుర్చీ తేవడమే తప్పనుకున్నాడు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా వాడితో ఒక్కరన్నా "రండి" అని మాట్లాడి ఉంటే గదా వాడికి ఆ మాట తెలిసేది. కాబట్టి మీ క్లాసులో మీరు వాళ్ళని మీరు అనే పిలవండి, రండి, కూర్చోండి, చెప్పండి అనండి, వినీ వినీ అదే అలవాటవుతుంది, వేరే పాఠం అక్కర్లేదు.

రెండోది కూలీ లెక్క. వారాల పేర్లు, అంకెలు, అడ్వాన్సు, బాకీ, ఇవి ముందు నేర్పి, ఒక్కొక్కరికీ చిన్న నోటుబుక్కు ఇచ్చి తను పనికి పోయిన రోజు తనే రాసుకునేట్టు చెయ్యండి. లెక్క చూసే రోజున కాంట్రాక్టరు ఇన్ని రోజులే వచ్చినావు అంటే కాదన్నా ఇదిగో అని చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉండాలి. ఇది కొందరు కాంట్రాక్టర్లకి నచ్చదు, అందుకని ముందే పోయి మేస్త్రితో మంచిగా మాట్లాడండి, పని పాడు కాదు, పిల్లోళ్ళు మాట వింటే నీకే సుళువు అని చెప్పండి, వాళ్ళు పంపిస్తేనే జనం వస్తారు. "పక్కకి జరగండి", "కరెంటుంది ముట్టుకోవద్దు", 108కి ఫోన్ చేస్తే యాడున్నామో చెప్పడం, ఇవి కూడా మర్చిపోవద్దు.

రేణిగుంట_98:

అడగకూడదేమో గానీ నా అనుమానం చెప్తా. వీళ్ళు ఈ సైటు అయిపోగానే బెంగళూరో చెన్నైయో పోతారు, తెలుగు నేర్పి ఏం లాభం? పైగా అందరి ఫోన్లలో ట్రాన్స్‌లేట్ ఉండనే ఉంది.

తిరుచానూరు_నుంచి:

తమ్ముడూ, చేతులకి సిమెంటు పూసుకుని రెండో అంతస్తు మీద ఉన్నోడు ఫోన్ తీసి ఏం ట్రాన్స్‌లేట్ చేసుకుంటాడు చెప్పు. ఇంక వెళ్ళిపోతారంటావా, నెల ఉన్నా ఆ నెల రోజులూ మనిషి మందుల షాపులో తలనొప్పో కడుపునొప్పో తన నోటితో తను చెప్పుకోవాలి గదా.

అక్కా, నేను న్యూజెర్సీలో ఉన్నప్పుడు మా టౌన్ లైబ్రరీలో ఇదే పని వాలంటీర్‌గా చేసినా. అక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో కొత్తగా దేశానికి వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు ఊరికే నేర్పుతారు. టీచర్ డిగ్రీ అడగలేదు నన్ను, కొంచెం ట్రైనింగ్ ఇచ్చి కూర్చోబెట్టినారు. నా టేబుల్ దగ్గర ఈక్వడార్ ఆమె, ఈజిప్టు ఆయన, కొరియా పెద్దావిడ, ముగ్గురికీ కలిసొచ్చే భాష ఒక్కటీ లేదు, వాళ్ళ భాష నాకూ రాదు, అయినా క్లాసు నడిచింది. అందుకని హిందీ గురించి దిగులు పెట్టుకోవద్దు. బెంగాల్, ఒడిశా పల్లెల నుంచి వచ్చినోళ్ళలో హిందీ సరిగా రానివాళ్ళు కూడా ఉంటారు, మీరు హిందీలో మొదలుపెడితే వాళ్ళకి ఒకటి కాదు రెండు కొత్త భాషలవుతాయి.

వస్తువులు తెచ్చి పెట్టండి. ఖాళీ మాత్రల షీటు, బస్సు టికెట్టు, కరెంటు బిల్లు, హోటల్ రేట్ల బోర్డు ఫోటో. మాత్రల షీటు చేతికిచ్చి పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని చేత్తో చూపిస్తా చెప్పించండి. ఇంకా "స్టాండప్", "ఓపెన్ ద డోర్", "గివ్ హిమ్ ద కీ" అని మీరు చెప్పి చేసి చూపించడం, వాళ్ళు చెయ్యడం. దీన్ని జేమ్స్ ఆషర్ అని అమెరికా ప్రొఫెసర్ 1960ల్లో పద్ధతిగా తయారుచేసినాడు, నోరు తెరవడానికి సిగ్గుపడేవాళ్ళకి దీనికి మించింది నేను చూడలేదు, ఎందుకంటే మాట్లాడక్కర్లేదు, వింటే చాలు, మాట దానంతటదే తర్వాత వస్తుంది. తప్పు మాట్లాడితే తప్పు అనొద్దు. "ఐ గో మార్కెట్ ఎస్టర్డే" అన్నాడనుకోండి, ఓ యు వెంట్ టు ద మార్కెట్? అని మీరు సరిగా తిరిగి అనండి అంతే. పెద్దోళ్ళు నలుగురిలో ఒకసారి చిన్నబుచ్చుకున్నారంటే మళ్ళీ రారు.

ఇంటర్ అబ్బాయి, సంతకం రాని ఆమె అన్నారు గదా, వాళ్ళిద్దర్నీ జోడీగా కూర్చోబెట్టండి. ఫ్రాంక్ లౌబాక్ అని ఒకాయన 1930ల్లో ఫిలిప్పీన్స్‌లో చదువు నేర్చుకున్న ప్రతివాళ్ళూ ఇంకొకరికి నేర్పాలి అనే పద్ధతి మీదే పనంతా నడిపినాడు, తర్వాత మన దేశానికి కూడా వచ్చినాడు. ఆయన పెట్టిన సంస్థ, 1962లో రూత్ కోల్విన్ అనే ఆమె సిరక్యూస్‌లో వాలంటీర్లతో మొదలుపెట్టిన సంస్థ, రెండూ 2002లో కలిసి ప్రోలిటరసీ అయినాయి, అమెరికాలో ఇట్లా నేర్పేవాళ్ళలో శానామందికి ఆ పేరు తెలుసు. నేర్పేవాడికే పాఠం బాగా వస్తుందక్కా, ఇది నేను కళ్ళారా చూసినా.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, ఏ రోజు పాఠం ఆ రోజే అయిపోవాలి. వీళ్ళకి ఓవర్‌టైములుంటాయి, నిన్న వచ్చినోళ్ళు ఈరోజు రారు. తరువాయి భాగం రేపు అంటే రానివాళ్ళు వెనకబడి మానేస్తారు. మొదటి పది నిమిషాలు నిన్న వచ్చినోళ్ళే రానివాళ్ళకి చెప్పాలి, తర్వాత కొత్తది.

చిత్తూరు_మాస్టారు:

అమ్మా, పుస్తకం అడిగినావు కాబట్టి చెప్తా ఉండా. కేరళలో చంగాతి అని వలస కూలీలకి మలయాళం నేర్పే కార్యక్రమం 2017లో పెరుంబావూరులో మొదలైంది, అక్కడి రాష్ట్ర సాక్షరతా మిషన్ వాళ్ళు "హమారీ మలయాళం" అని దానికోసమే పుస్తకం వేసినారు. దొరికితే చూడు, పాఠాలకి నీకు మాదిరిగా ఉంటుంది. సంతకం రాని ఆమె లాంటివాళ్ళకి కేంద్రం వాళ్ళ ఉల్లాస్ ఉంది, 2022 నుంచి 2027 దాకా, 15 ఏళ్ళు దాటిన చదువురాని వాళ్ళ కోసం, నేర్పేవాళ్ళు కూడా జీతం లేని వాలంటీర్లే, యాప్‌లో పేరు రాయించుకోవచ్చు.

1990ల మొదట్లో మన జిల్లాలో అక్షర తపస్మాన్ అని అక్షరాస్యతా ఉద్యమం నడిచింది, అప్పట్లో నేనూ లాంతరు పెట్టుకుని రాత్రిబడి చెప్పినోణ్ణే. అఆలతో మొదలుపెట్టిన చోట జనం పల్చబడినారు, ఎవరి పేరు వాళ్ళకి ముందు రాయించిన చోట నిలబడినారు. వేలిముద్ర వేసే మనిషి మొదటిసారి బ్యాంకులో సంతకం పెట్టి వచ్చిన రోజు ఇంటికి కూడా పోకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి చూపించేది. పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడి వాచకంలో సారా గురించిన పాఠం చదివి మాట్లాడుకుని, ఊళ్ళో సారా అంగడి మూయించినారు. 1992లో అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా పోయింది. ఆ పాఠంలో ఉన్నది వాళ్ళ ఇంటి సంగతే కాబట్టి పట్టుకుంది. నువ్వు కూడా వాళ్ళ రోజువారీ పనిలోంచే పాఠాలు తీసుకో తల్లీ. రాయడం వచ్చినవాళ్ళని తెలుగు మాట, ఇంగ్లీషు మాట వాళ్ళ ఒడియా లిపిలోనో బెంగాలీ లిపిలోనో రాసుకోనీ, మన అక్షరాలు తర్వాత నేర్చుకుంటారు. రాయడం రానివాళ్ళు ఫోన్లో నీ గొంతు రికార్డు చేసుకుంటారు.

ఇంకోటి, వాళ్ళ ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టేవాళ్ళు వస్తారు, రానివ్వొద్దు.

కొర్లగుంట_అక్క:

అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. రెండు బ్యాచిలు పెడతా, మధ్యాహ్నం లాడ్జీ వాళ్ళకి ఇంగ్లీషు, రాత్రి ఏడున్నరకి సైటు వాళ్ళకి తెలుగు, దాంట్లోనే ఇంగ్లీషు అంకెలు. మేస్త్రులతో నేనూ సంఘం పెద్దాయనా కలిసి మాట్లాడతాం. ఇంజినీర్ గారూ, నోటుబుక్కులో గళ్ళు ఎట్లా కొట్టాలో ఒక పేజీ రాసి ఫోటో పెట్టండి. లాడ్జీ తమ్ముడూ, మీ కస్టమర్లు జాస్తిగా అడిగేవి ఒక ఇరవై మాటలు రాసివ్వు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకొచ్చేట్టున్నారు, పిల్లల్ని చూసుకోడానికి యూనివర్సిటీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలెవరన్నా రాగలిగితే చెప్పండి. బెంగాలీ గానీ ఒడియా గానీ వచ్చినవాళ్ళు తిరుపతిలో ఉన్నారా? మొదటి రెండు వారాలు పక్కన ఉంటే చాలు.

రైల్వే_క్వార్టర్స్:

మాది ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబం, పుట్టి పెరిగిందంతా అక్కడే, బెంగాలీ బాగా వచ్చు, ఒడియా అర్థమవుతుంది. నాకు డ్యూటీ షిఫ్టులు, కానీ రాత్రి బ్యాచికి వారంలో మూడు రోజులు రాగలను. హాలు యాడో మెసేజ్ పెట్టండక్కా.