అను ఫాంట్లు వదిలేసి యూనికోడ్‌కి మారాలా, వద్దా?

నాగావళి: శ్రీకాకుళంలో నాది చిన్న డీటీపీ షాపు. ఇన్నాళ్లూ పేజీలు కట్టేది పేజ్‌మేకర్‌లో, తెలుగు కొట్టేది అను ఫాంట్లలో. ఇప్పుడు పెళ్లికార్డు మేటర్ అంతా వాట్సాప్‌లో యూనికోడ్‌లో (ఫోన్లలో వాడే తెలుగు) వస్తోంది, పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే వరసగా ప్రశ్నగుర్తులే. ఇన్‌డిజైన్‌కి మారి యూనికోడ్ కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటున్నాను. వత్తులు ఎక్కడివక్కడ విడిపోతున్నాయి. 'సాఫ్ట్‌వేర్' కొడితే 'వ' కూడా వత్తయి కిందికి దిగిపోతోంది. మారడం తప్పయిందా?

బొబ్బిలి కోట: అవి రెండూ వేరు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టండి, వత్తులు కుదురుకుంటాయి. రెండోదానికి 'ట్' కొట్టాక కంట్రోల్ షిఫ్ట్ 2 నొక్కి అప్పుడు 'వే' కొట్టండి. కంటికి కనపడని అక్షరం ఒకటి మధ్యలో పడి అడ్డుకుంటుంది.

చీపురుపల్లి డీటీపీ: ఒక్క పొల్లుకి మూడు కీలా! అను ఆపిల్ కీబోర్డులో పొల్లు కొడితే పొల్లే, వత్తు కొడితే వత్తే. 20 ఏళ్లుగా కొడుతున్నాను.

రాజాం కుర్రోడు: ఫోన్‌లో మాట్లాడితే టైపైపోతోంది, ఇంకా ఏటి ఈ గొడవ.

బొబ్బిలి కోట: మా తాతగారి సంస్మరణ పుస్తకం అనులోనే చేయించాం. ఆపరేటరు షాపు ఎత్తేశాడు. ఫైలు నా దగ్గరే ఉంది, అను ఫాంట్లు లేక తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గీతలు. 140 పేజీలు మళ్లీ కొట్టించాం. యూనికోడ్‌లో అయితే ఫాంటు ఏదైనా 'అ' అంటే 'అ'నే.

చీపురుపల్లి డీటీపీ: పీడీఎఫ్ తీసి దాచుకోకపోవడం ఫాంటు తప్పా? మూడు కీల సంగతి చెప్పండి.

బొబ్బిలి కోట: చెప్పాను కదా! అంత బరువైతే వర్డ్‌లో సింబల్ పెట్టె తెరిచి ఆ కనపడని అక్షరానికి (దాని యూనికోడ్ నంబరు 200సి) మీకు నచ్చిన షార్ట్‌కట్ ఇచ్చుకోండి. కొత్తది నేర్చుకోడానికి బద్ధకం అంటే సరిపోయేది.

చీపురుపల్లి డీటీపీ: బద్ధకమా? ఆ కీబోర్డు కోసం ఆర్నెల్లు ఒక షాపులో జీతం లేకుండా కూర్చున్నాను, టీలు కూడా నేనే తెచ్చాను. ఇప్పుడు కస్టమరు ఫోన్‌లో తప్పులతడకగా కొట్టుకొచ్చి "పేస్ట్ చేయడమే కదా" అని రేటు సగం కోస్తున్నాడు. ఆ తప్పులు దిద్దేది ఎవరు? మీ యూనికోడ్ మంచిదే, కాదనను. నా చేతికి రేటేదీ?

రాజాం కుర్రోడు: అదా సంగతి. ముందే చెప్పొచ్చు కదన్నా.

బొబ్బిలి కోట: బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. ప్రూఫ్‌కి వేరే బిల్లు వేయండి.

చీపురుపల్లి డీటీపీ: ఎవరిస్తారు, పుట్టినరోజు ఫ్లెక్సీ వాళ్లా?

నాగావళి: కంపోజర్ మార్చాను, వత్తులు కుదిరాయి. 'సాఫ్ట్‌వేర్' మాత్రం ఆ మూడు కీలతో నోట్‌ప్యాడ్‌లో కొట్టి తెచ్చుకున్నాను, సరిగ్గానే వచ్చింది. పెళ్లికొడుకు ఇంటిపేరే వాళ్లు రెండు రకాలుగా పంపారు, ఫోన్ చేసి అడిగి దిద్దాను. చీపురుపల్లి అన్నా, ఈ కార్డుకి టైపింగ్ చార్జీ వేయనా, వద్దా?