కోవిడ్ తగ్గినా వదలని నీరసం: మా అప్ప విషయంలో సలహా కావాలి

ప్రశ్న (పలాస):
2021 మే నెలలో, రెండో వేవ్‌లో, మా అప్పకు (అక్కకు) కోవిడ్ సోకింది. ఇంట్లోనే మందులు వాడి కోలుకుంది కానీ, ఆనాటి నుంచి మునుపటి మనిషి కాలేదు. జీడిపప్పు ఒలిచే పనికి ఒక రోజు వెళితే ఆ పూట బాగానే ఉంటుంది, మర్నాడు మాత్రం మంచం దిగలేదు, తేరుకోవడానికి రెండు మూడు రోజులు పడుతోంది. మొన్న పొయ్యి మీద పాలు మాడి గిన్నె అడుగు నల్లబడినా, పక్కనే కూర్చుని కొబ్బరి కోరుతున్న ఆమెకు ఆ వాసన తెలియలేదు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫినాక్ మాత్రలు తెప్పించుకుని వారానికి నాలుగైదు వేసుకుంటోంది. మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం కాబట్టి, ఆ మాత్రలంటేనే నాకు భయం. బంధువులేమో ఒళ్లు వంచడం ఇష్టం లేకనే ఇదంతా అంటున్నారు. ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (శ్రీకాకుళం, స్టాఫ్ నర్సు):
ముందుగా ఆ డైక్లోఫినాక్ ఆపించండి. అటువంటి మాత్రలు మూత్రపిండాలకు రక్త ప్రసరణను తగ్గిస్తాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండానే ముదురుతుంది కనుక, మీ ప్రాంతం వారు వాటిని డాక్టరు చెప్పకుండా అసలు ముట్టుకోకూడదు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించండి. 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీ పలాసలోనే ఉంది. మూత్రపిండాలు దెబ్బతిన్నా, రక్తం తక్కువైనా ఇదే నీరసం వస్తుంది కాబట్టి, అన్నిటినీ కోవిడ్ ఖాతాలో వేసి ఊరుకోవడం ప్రమాదం. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనంలో కూడా, కోవిడ్ వచ్చిన 3 నెలలకు కనిపిస్తూ, కనీసం 2 నెలలు ఉంటూ, మరో జబ్బుతో వివరించలేని లక్షణాలనే లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గాక కూడా మిగిలిపోయే బాధలు) కోవకు చేర్చారు.

జవాబు (బొబ్బిలి):
మీ అప్పగారిది బద్ధకం కాదండీ, ఆ మాట బంధువులకు గట్టిగా చెప్పండి. నాకూ ఇలాగే ఉండేది. రోజూ కొంచెం కొంచెం నడక పెంచితే అదే పోతుందని ఒక ఆసుపత్రిలో చెప్పగా, నెల రోజులు పట్టుదలగా నడిచి, చివరకు స్నానానికి కూడా ఒకరి సాయం కావలసిన స్థితికి వచ్చాను. శ్రమ చేసిన మర్నాడు కుంగదీసే నీరసానికి బలవంతపు వ్యాయామం పనికిరాదని ఆ తరువాతే తెలిసింది. అలసట రాకముందే పని ఆపడం, కూరలు తరగడం, స్నానం వంటివి కూర్చునే చేసుకోవడం, ఓపిక ఉన్న రోజున కూడా మిగిలిన పనులన్నీ మీద వేసుకోకపోవడం, ఈ మూడూ పాటించాక నెమ్మదిగా కుదుటపడ్డాను. వాసన కోసం లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి తైలం ఒక్కొక్కటి రోజుకు రెండుసార్లు, కొన్ని నెలలపాటు శ్రద్ధగా వాసన చూడమంటారు. ఇది అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. అంతవరకు గ్యాసు పొయ్యి దగ్గర ఆమెను ఒంటరిగా ఉంచకండి.

ప్రశ్న అడిగినవారు (పలాస):
ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. మీరు రాసినదంతా చదివి వినిపిస్తే, "నడిచాక నాకూ అలాగే అయింది, చెబితే ఎవరు నమ్మేరు?" అని అప్ప చాలాసేపు కన్నీళ్లు పెట్టుకుంది. తలగడ కింద దాచుకున్న మాత్రల అట్ట తానే తీసి నా చేతికిచ్చింది. ఈ ఉదయం రక్తం, మూత్రం ఇచ్చి వచ్చాం. క్రియాటినిన్ ఎంత వచ్చిందో తెలియగానే ఇక్కడే రాస్తాను.