ఆగస్టు సెలవా, జనవరి సెలవా? కోవలం దాటి సర్ఫింగ్‌కి ఎక్కడికి వెళ్లాలి?

వేళచ్చేరి కెరటం:
అందరికీ నమస్తే. చెన్నై నుంచి అడుగుతున్నా. ఏడాదిలో పది రోజుల సెలవు ఒక్కసారే దొరుకుతుంది. ఆగస్టు రెండో వారం గానీ, జనవరి మూడో వారం గానీ. రెండూ కుదరవు. ఆ పది రోజులూ సర్ఫింగ్‌కే.

నా స్థాయి: చెన్నై దగ్గర ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) కోవలంలో నడుమెత్తు అలని విరగకముందే సొంతంగా పట్టి కుడివైపు వెళ్లగలను. ఎడమకి పదిలో మూడుసార్లు కుదురుతుంది. ఎదురొచ్చే అల కింద బోర్డుతో బోర్లా తిరిగే టర్టిల్ రోల్ వచ్చు, బోర్డుని ముంచి అల కిందుగా దూరే డక్‌డైవ్ రాదు. బోర్డు 8 అడుగుల సాఫ్ట్‌టాప్ (పైన మెత్తటి ఫోమ్ ఉండేది). బరువు 68 కిలోలు. రీఫ్ మీద (అడుగున రాయి, పగడం ఉండే చోట) ఎప్పుడూ దిగలేదు.

అనుకున్నవి: బాలి, అరుగం బే, మాల్దీవులు, పోర్చుగల్. ఏ నెల, ఏ చోటు? బోర్డు ఇక్కడి నుంచి మోసుకెళ్లాలా?

ఈసీఆర్ పొద్దు:
దేశం సంగతి తర్వాత చూద్దాం, ముందు నెల తేల్చుకోండి. నా ఓటు జనవరికి.

మన తీరం తూర్పు ముఖం. ఇక్కడికొచ్చే మంచి స్వెల్ (దూరం నుంచి వచ్చే అలల వరస) దక్షిణ హిందూ మహాసముద్రంలో, నలభై యాభై డిగ్రీల దక్షిణ అక్షాంశాల దగ్గర వీచే పెనుగాలులకి పుట్టి, దాదాపు వారం ప్రయాణం చేసి వస్తుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా అది బాగా తగులుతుంది. ఆ నెలల్లో తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి అల ముఖం నున్నగా నిలబడుతుంది. ఈశాన్య రుతుపవనం మొదలయ్యాక అంతా తిరగబడుతుంది. గాలి సముద్రం మీద నుంచి తిన్నగా ఒడ్డుకి కొడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు, వరద నీళ్లు, నదుల మొగల దగ్గర ఊరి మురికంతా. జనవరికి వానలు తగ్గుతాయి గానీ గాలి అదే దిక్కు. అలలు పొట్టిగా, చిందరవందరగా ఉంటాయి.

2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్ మహాబలిపురంలో జరిగాయి. ఆ నెలలో మన దగ్గర అల ఉంటుందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఆగస్టులో ఇంటి ముందు అల పెట్టుకుని విమానం ఎక్కడమంటే పెళ్లి భోజనం వదిలేసి హోటల్ వెతుక్కోవడమే.

ఇప్పుడు శ్రీలంక నైరుతి తీరం చూడండి: హిక్కడువ, మిడిగమ, వెలిగమ, మిరిస్స. మనల్ని కొట్టే ఆ ఈశాన్య గాలే అక్కడికి దీవి మీదుగా, నేల వైపు నుంచి వస్తుంది. అంటే ఆఫ్‌షోర్. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ సీజన్ ఉండటానికి కారణం ఇదే. చెన్నై నుంచి కొలంబో గంటన్నర లోపే. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్స్‌ప్రెస్‌వే మీద వెలిగమకి రెండున్నర, మూడు గంటలు.

మొదటి నాలుగు రోజులు వెలిగమ. వెడల్పాటి బే, అడుగున ఇసుక, పడినా దెబ్బ తగలదు. జనం మాత్రం బాగా ఉంటారు. నేర్చుకునేవాళ్లు అడ్డదిడ్డంగా వస్తారు కాబట్టి పొద్దున ఏడు లోపే నీళ్లలో ఉండాలి. ఐదో రోజు నుంచి మిడిగమ, ఆటోలో పది పదిహేను నిమిషాలు. అక్కడ లేజీ లెఫ్ట్ అని ఒక రీఫ్ అల ఉంది. పేరుకి తగ్గట్టే నెమ్మదిగా విప్పుకుంటుంది, అదీ ఎడమకి. మీకు రాని వైపు అదేగా. పక్కనే ఉన్న రామ్స్ జోలికి పోకండి. అక్కడ రీఫ్ మీద నీళ్లు చాలా తక్కువ, టేక్‌ఆఫ్ (అల పట్టి లేచి నిలబడే చోటు) నిట్టనిలువు.

మీ జాబితాలో ఉన్నవేవీ జనవరికి పనికిరావు. బాలిలో అప్పుడు వానాకాలం. పడమటి గాలి కూటా వైపు అలల్ని చెడగొడుతుంది, వాననీటితో కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ అక్కడే ఒడ్డు చేరుతుంది. గాలి కలిసొచ్చే తూర్పు వైపు సనూర్, కెరమాస్ లాంటివి రీఫ్‌లు. మాల్దీవుల సీజన్ మార్చి నుంచి అక్టోబరు. పోర్చుగల్ జనవరి సముద్రం అసలు వేరే జాతి. నజారేలో సముద్రం అడుగున ఉన్న లోతైన లోయ స్వెల్‌ని ఒక్కచోటికి పోగుచేస్తుంది. 2020 అక్టోబరులో అక్కడ జర్మన్ సర్ఫర్ సెబాస్టియన్ స్టాయిట్నర్ ఎక్కిన అల 26.21 మీటర్లు. తీరమంతా అలా ఉండదనుకోండి, కానీ చలికాలపు అట్లాంటిక్ నడుమెత్తు అలల వాళ్ల కోసం కాదు.

మైనపు ముద్ద:
ఈసీఆర్ పొద్దు గారూ, గాలి లెక్క ఒప్పుకుంటా, పెళ్లి భోజనం పోలిక ఒప్పుకోను. కోవలంలో బీచ్ వైపు అల చాలాసార్లు క్లోజౌట్, ఈ చివర నుంచి ఆ చివరికి ఒక్క దెబ్బన కూలిపోతుంది. నిలబడ్డాక ఐదారు సెకన్లు దొరికితే గొప్ప. అంతలో తిరగడం నేర్చుకునేది ఎప్పుడు? పాయింట్ బ్రేక్‌లో అల, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొమ్ము దగ్గర మొదలై తీరం వెంట వరసగా విప్పుకుంటూ పోతుంది. ఒక్క అలలో మూడు నాలుగు మలుపులు సాధన చేయొచ్చు. అందుకే ఆగస్టు, అరుగం బే అన్నది తీసిపారేసే ఆలోచన కాదు. శ్రీలంక తూర్పు తీరానికి సీజన్ ఏప్రిల్ నుంచి అక్టోబరు. అక్కడి పాయింట్లన్నీ కుడివైపు అలలే, మీకు వచ్చిన వైపు.

షరతులు మాత్రం ఉన్నాయి. అరుగం బే మెయిన్ పాయింట్‌లో ఆగస్టు అంటే తిరునాళ్లే. అడుగున రీఫ్, లైనప్‌లో (అల కోసం వేచి ఉండే చోట) అనుభవజ్ఞులు, అల పెద్దదైన రోజు 8 అడుగుల సాఫ్ట్‌టాప్‌తో దిగితే మీకూ ఇబ్బంది, వాళ్లకీ ఇబ్బంది. మీ చోట్లు వేరు. ఉత్తరాన పొత్తువిల్ దాటాక విస్కీ పాయింట్. దక్షిణాన పీనట్ ఫామ్, ఎలిఫెంట్ రాక్. మెయిన్ పాయింట్ లోపలి వైపున బేబీ పాయింట్. ఆటోల మీద బోర్డు ర్యాకులుంటాయి, పొద్దున ఐదింటికి మాట్లాడుకుంటే పదింటికి తిరిగి తెస్తారు. పొత్తువిల్ చుట్టుపక్కల తమిళం నడుస్తుంది, చెన్నై తమిళంతో బేరం బాగా కుదురుతుంది. దక్షిణం వైపు ఉప్పుకయ్యల్లో మొసళ్లుంటాయి. కాళ్లు కడుక్కుందామని దిగకండి.

ప్రయాణమే అసలు ఖర్చు. కొలంబో నుంచి రోడ్డు మీద ఏడెనిమిది గంటలు. పది రోజుల్లో రానూపోనూ రెండు రోజులు పోయాయనుకోండి.

ఆగస్టులో బాలి అంటే ఎండాకాలం. ఆగ్నేయపు గాలి ఉలువాటు వైపుకి ఆఫ్‌షోర్, స్వెల్ కూడా పెద్దది. ప్రపంచమంతా అందుకే వెళ్తుంది, అందుకే మీరు వెళ్లొద్దు. ఉలువాటు, పదాంగ్ పదాంగ్, బింగిన్ పదునైన రీఫ్‌లు. మీకు మిగిలేది కూటా, లెగియన్ ఇసుక. దానికోసం అంత డబ్బు దండగ.

ముల్కి మూల:
బెంగళూరు నుంచి. ఒక సంగతి ఎవరూ అనలేదు, జనవరికి పడమటి తీరం కూడా ఉంది. మంగళూరు నుంచి 30 కిలోమీటర్ల ఉత్తరాన ముల్కి. వర్షాకాలంలో దిగరాదు గానీ వానలు వెనక్కి తగ్గాక మే దాకా నీళ్లు శుభ్రంగా, అల చిన్నగా ఉంటుంది. పది రోజులకి కాదు, నాలుగు రోజులకి. మోకాలెత్తు అల మీద టేక్‌ఆఫ్ బాగుచేసుకోవడానికి సరిపోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే ఆట కట్టు. కేరళలోని వర్కల కూడా ఇదే కోవ, అక్కడ కొండ కింద ఇసుక ఒక్కో ఏడు ఒక్కోలా మేటవేస్తుంది.

వేళచ్చేరి కెరటం:
అందరికీ ధన్యవాదాలు. ఆగస్టు వారాంతాలు కోవలం, మహాబలిపురం. జనవరికి వెలిగమ, మిడిగమ అని తేల్చుకున్నా. రెండు ప్రశ్నలు. ఫోర్‌కాస్ట్‌లో ఎత్తు ఒక్కటే చూస్తున్నా, ఇంకేం చూడాలి? బోర్డు సంగతి?

ఆటుపోటు:
ఎత్తు ఒక్కటే చూడటం అంటే బియ్యం బస్తా బరువు చూసి అన్నం రుచి చెప్పడం. ఎత్తు పక్కన సెకన్లలో ఉండే పీరియడ్, అంటే ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య సమయం, చూడండి. లోతు నీళ్లలో అల పొడవు పీరియడ్ వర్గాన్ని 1.56తో గుణిస్తే వస్తుంది. 8 సెకన్లకి వంద మీటర్లు, 14 సెకన్లకి మూడు వందల పైచిలుకు. ఆ పొడవులో సగం లోతుకి చేరగానే అల అడుగుని తాకడం మొదలవుతుంది. 8 సెకన్ల అల 50 మీటర్ల లోతులో, 14 సెకన్ల అల 150 మీటర్ల లోతులోనే. తొందరగా తాకిన అల ఎక్కువ వంగి కొమ్ములచుట్టూ తిరుగుతుంది, ఒడ్డు దగ్గర ఎక్కువ పైకి లేస్తుంది. కాబట్టి 1.2 మీటర్లు, 14 సెకన్లు అని ఉంటే బయట చిన్నగా కనిపించినా రీఫ్ మీద ఛాతీ దాటుతుంది. అదే 1.2 మీటర్లు, 7 సెకన్లు అయితే గాలి చితక్కొట్టిన గందరగోళం.

మీ స్థాయికి వెలిగమలో 0.8 నుంచి 1.2 మీటర్లు, 10 నుంచి 13 సెకన్లు బాగుంటుంది. 1.5 దాటితే బే అంతా క్లోజౌట్ అవుతుంది, ఆ రోజు మిడిగమ ఒడ్డున కూర్చుని చూడండి. పీరియడ్ ఎక్కువైతే సెట్‌కి సెట్‌కి (పెద్ద అలల గుంపులకి) మధ్య విరామం కూడా పెరుగుతుంది. దిగేముందు ఇరవై నిమిషాలు ఒడ్డున నిలబడితేగానీ పెద్ద సెట్ కనపడదు. ఐదు నిమిషాలు చూసి చిన్నదేలే అనుకుని దిగి, మధ్యలో చిక్కుకునేవాళ్లే ఎక్కువ.

తర్వాత గాలి. గంటకి 10 కిలోమీటర్ల లోపు నేల గాలి అయితే భేషు. సముద్రం నుంచి ఒడ్డుకి కొట్టే గాలి 15 దాటితే కాఫీ తాగండి.

మూడోది ఆటుపోట్లు. చెన్నై వాళ్లకి ఇది అలవాటు లేని విషయం, ఎందుకంటే ఇక్కడ పున్నమి అమావాస్యలకి కూడా తేడా మీటరు అటూఇటే. శ్రీలంక దక్షిణాన ఇంకా తక్కువ. ఇసుక మీద పట్టించుకోనక్కర్లేదు, కానీ రీఫ్ మీద అరమీటరు తగ్గినా బోర్డు కింద ఉండే ఫిన్ (రెక్క) తగులుతుంది. లేజీ లెఫ్ట్‌కి సగం పోటు దాటాకే దిగండి. రేపెప్పుడైనా బాలి వెళ్తే అక్కడ తేడా రెండు మీటర్లు దాటుతుంది, పోర్చుగల్‌లో మూడు. అక్కడ టైడ్ టేబుల్ చూడకుండా దిగితే రెండు గంటల్లో అదే చోటు వేరే చోటైపోతుంది.

సర్ఫ్‌లైన్, విండీ అనే ఫోర్‌కాస్ట్ యాప్‌లు రెండూ పెట్టుకుని పోల్చండి. కోవలానికైతే మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే స్వెల్, ఎత్తైన అలల హెచ్చరికలు కూడా చూడండి. అవి జాలర్ల కోసం ఇస్తారు, మనకీ పనికొస్తాయి.

మైనపు ముద్ద:
బోర్డు మోయకండి. 8 అడుగుల సాఫ్ట్‌టాప్ వెలిగమ ఒడ్డున వరసగా పేర్చి అద్దెకిస్తారు. విమానంలో పొడవు పరిమితి ఒక్కో సంస్థకి ఒక్కోలా ఉంటుంది, 8 అడుగులు చాలాచోట్ల తగువే. ఐదో రోజు నుంచి మిడిగమలో 7 అడుగుల 4 అంగుళాలు, 50 లీటర్ల చుట్టూ ఉన్న గట్టి బోర్డు అడగండి. 68 కిలోలకి అంతకంటే తగ్గొద్దు, తగ్గితే ప్యాడిల్ (చేతులతో తోసుకుంటూ వెళ్లడం) అందక అల జారిపోతుంది. అద్దె తీసుకునేముందు పగుళ్లు, ఫిన్‌లు ఫోన్‌లో ఫొటో తీసి కొట్టువాడికి చూపించండి. సాయంత్రం గొడవ ఉండదు. లీష్ (బోర్డుని కాలికి కట్టే తాడు) పొడవు బోర్డు పొడవంత ఉండాలి, చీలమండ దగ్గర తిరిగే కీలు తుప్పు పట్టి ఉంటే మార్చమనండి.

తీసుకెళ్లాల్సినవి: రీఫ్ బూట్లు, పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒరుపు తగలకుండా వేసుకునే చొక్కా), ఎండకి ముఖానికి రాసుకునే జింక్, ఒక ఫిన్ కీ, పాదం జారకుండా బోర్డుకి రాసే ట్రాపికల్ వ్యాక్స్ ముక్క. కూల్ వ్యాక్స్ కొనకండి, 28 డిగ్రీల నీళ్లలో నెయ్యిలా కారిపోతుంది. రిపేరు రెసిన్ ట్యూబు ఇక్కడి నుంచి వద్దు, మండే పదార్థమని స్క్రీనింగ్‌లో తీసేస్తారు. అక్కడ కొంటే లోపలి ఫోమ్ ఏదో అడిగి కొనండి. ఈపీఎస్ (థర్మకోల్ లాంటి) ఫోమ్ మీద పాలియెస్టర్ రెసిన్ పడితే ఫోమ్ కరిగి గుంట పడుతుంది, దానికి ఎపాక్సీయే వాడాలి. పగులు పూర్తిగా ఎండకుండా అంటిస్తే లోపలి నీళ్లు బయటికి రావు, బోర్డు రోజురోజుకీ బరువెక్కుతుంది.

ఈసీఆర్ పొద్దు:
రీఫ్ మీద మొదటిసారి కాబట్టి ఒక్క మాట. పడేటప్పుడు తలకిందులుగా దూకొద్దు. వెల్లకిలా, చేతులు చాచి, చాపలా పరుచుకుంటూ పడాలి. లేచేటప్పుడు కాళ్లతో నేల వెతకొద్దు, ముళ్ల సీ అర్చిన్లు ఉంటాయి. పగడం గీసుకుంటే శుభ్రమైన మంచినీళ్లు, సబ్బుతో బాగా కడిగి, గాయంలో ఇరుక్కున్న పలుకుల్ని పట్టకారుతో తీసి, బెటాడిన్ రాయండి. పలుకు లోపల మిగిలిపోతే వారాలపాటు చీము పడుతుంది. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో డిసెంబరులోనే చూసుకోండి.

వేళచ్చేరి కెరటం:
రాసుకున్నా. లేజీ లెఫ్ట్‌కి బూట్లు వేసుకుని ప్యాడిల్ చేస్తే కాళ్లు బరువవ్వవా?

ఆటుపోటు:
2 మిల్లీమీటర్ల పల్చటి అడుగువి అయితే అవ్వవు. అర సైజు చిన్నవి తీసుకోండి, తడిస్తే సాగుతాయి. వదులైతే నీళ్లు నిండి బోర్డు మీద పాదం జారుతుంది. కోవలంలో ఆగస్టులోనే నాలుగైదుసార్లు వేసుకుని అలవాటు చేసుకోండి.