కొత్త ఇంజన్ 11 రోజులకే కొట్టుకుంటోంది

చీమకుర్తి టిప్పర్: బేరింగులు పోయినాయని ఇంజన్ మొత్తం మార్పించానన్నా. నిన్న గ్రానైట్ లోడుతో ఒంగోలు రోడ్డెక్కంగానే టకటకమని శబ్దం. ఆయిల్ ఫిల్టరు కోసి చూస్తే మడతల్లో ఇత్తడి రంగు పొడి. ఇంజనే నాసిరకమా?

కావలి మెకానిక్: ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ పాతదే బిగించారా తమ్ముడూ? చచ్చిన బేరింగుల పొడంతా దాన్లోనే దాక్కునుంటది. ఎంత కడిగినా పూర్తిగా రాదు, కొత్తది వేయాల్సిందే.

చీమకుర్తి టిప్పర్: పాతదే. డీజిల్‌తో కడిగామన్నారు. నాలుగు డబ్బులు మిగులుతాయని నేనే ఊకొట్టా.

అల్లూరు రొయ్యల చెరువు: మా జనరేటర్‌కీ ఇంజన్ మార్చాక ఆయిల్ పోసి నేరుగా స్టార్ట్ కొట్టారు. ఆయిల్ అందక టర్బో పట్టేసింది. డీజిల్ కట్ చేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ తిప్పాలంట. అదీ ఆపి ఆపి, దఫాకి 10, 15 సెకన్లే.

కావలి మెకానిక్: అవును. తమ్ముడూ, నువ్వు మాత్రం ఇంకో లోడుకు పోమాక. ముందు ఇంజన్ కిందుండే ఆయిల్ తొట్టి (సంపు) దించి బేరింగులు చూపించు.