0.8 ఓమ్ వేప్ పాడ్‌లో 70:30 లిక్విడ్ పోయొచ్చా, 50:50కే కట్టుబడాలా? నికోటిన్ సాల్టా, ఫ్రీబేసా?

కొత్తసీసా:
రోజుకు 15 సిగరెట్లు పూర్తిగా మాని వేప్‌కు (ఎలక్ట్రానిక్ సిగరెట్‌కు) మారాలి. పరికరం నింపుకునే రకం పాడ్, 2 మి.లీ. పడుతుంది. మెష్ కాయిల్ (లిక్విడ్‌ను వేడిచేసే లోహపు జాలి) 0.8 ఓమ్, దాని మీద 12–16 వాట్లు అని రాసి ఉంది. పోసింది 70 పాళ్లు వీజీ (గ్లిజరిన్), 30 పాళ్లు పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్), మి.లీ.కు 3 మి.గ్రా. ఫ్రీబేస్ (ఆమ్లం కలపని నికోటిన్). వరసగా నాలుగైదు దమ్ములు లాగేసరికి మాడు రుచి. పోనీ తృప్తి ఉందా అంటే అదీ లేదు. కాయిల్ పోయిందని ఒకరు, లిక్విడ్ తప్పని ఒకరు, 20 మి.గ్రా. సాల్ట్ (ఆమ్లం కలిపిన నికోటిన్) పోయమని ఒకరు, తలా ఒక మాట. ముందు మార్చాల్సింది ఏది?

కాయిల్‌మేస్త్రి:
మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. మాడు రుచి కాయిల్‌లోని దూదికి లిక్విడ్ అందక వస్తోంది. తృప్తి లేకపోవడం నికోటిన్ చాలక. ఒక్క సీసా మార్చి రెండూ నయం చేయాలని చూస్తే ఏది దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి సంగతి. వీజీ అంటే గ్లిజరిన్, చిక్కటిది. పీజీ పల్చటిది. 25 డిగ్రీల దగ్గర శుద్ధమైన గ్లిజరిన్ పీజీ కన్నా దాదాపు 20 రెట్లు చిక్కన. కాయిల్‌ను వెలుతురుకేసి పట్టుకుని చూడండి, పక్కన రెండు చిన్న కిటికీలు, లోపల తెల్లటి దూది కనిపిస్తాయి. లిక్విడ్ వెళ్లే దారి అదొక్కటే. దమ్ము లాగగానే మెష్‌కు ఆనుకున్న దూది ఎండుతుంది. తరవాతి దమ్ములోగా వెనకనుంచి లిక్విడ్ పాకి ఆ చోటు తడపాలి. దీపంలో వత్తి చమురు లాగినట్టే. 70:30 పాకుతుంది, కాదనను, కానీ మీరు లాగే వేగానికి అందుకోలేకపోతోంది. నాలుగో దమ్ముకు పొడి దూది కాలుతోంది. 50:50 పోయండి.

మెల్లగాలాగు:
మేస్త్రి గారితో ఇక్కడ నాకు పేచీ ఉంది. ఓమ్ అంకె చూసి లిక్విడ్ నిర్ణయించడం సగం నిజమే. కిటికీ ఎంత పెద్దదన్నదే అసలు లెక్క. 0.8 ఓమ్ మెష్ కాయిళ్లలో వెడల్పాటి కిటికీలున్నవి 70:30ని హాయిగా లాగుతాయి. సన్నటి రంధ్రాలున్న 0.8 ఓమ్ కాయిల్ 60:40కే తడబడుతుంది. రెంటి మీదా అంకె ఒకటే.

నా అనుమానం కాయిల్‌ను నానబెట్టిన తీరు మీద. కొత్త కాయిల్ అయితే కిటికీల మీద రెండేసి చుక్కలు, మధ్య గొట్టంలోంచి మెష్ మీద రెండు చుక్కలు వేసి, పాడ్ నింపి, 50:50 అయితే 5 నిమిషాలు, 70:30 అయితే 10 నుంచి 15 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఆ తరవాత 12 వాట్లలో మొదలుపెట్టి, మొదటి పది దమ్ములూ పొట్టిగా లాగాలి. దమ్ముకు దమ్ముకు మధ్య 20 సెకన్లు ఆగాలి. ఇవేవీ చేయకుండా 16 వాట్లలో గబగబా లాగితే 50:50 కూడా మాడుతుంది.

ఇంకో మాట. అందరికీ 50:50 అని చెప్పేస్తే సగం మంది వారానికే లీకవుతోందని వచ్చి అడుగుతారు. పల్చటి లిక్విడ్ వెడల్పు కిటికీలోంచి అవసరానికి మించి లోపలికి దిగుతుంది. గుడగుడ శబ్దం, నాలుక మీద వేడి చుక్కలు, అడుగున తడి, అన్నీ దాని వల్లే.

కాయిల్‌మేస్త్రి:
కిటికీ కొలతే అసలు లెక్క, ఒప్పుకుంటాను. కానీ కొత్తగా వచ్చినవారు కిటికీ వెడల్పును దేనితో పోల్చుకుంటారు? వాళ్లకు కంటికి కనబడే గుర్తు ఓమ్ ఒక్కటే. అందుకే నేను చెప్పే కొలత ఇది: 1 ఓమ్, ఆ పైన ఉంటే 50:50 దాటొద్దు. 0.6–0.8 అయితే 50:50తో మొదలుపెట్టి, గుడగుడ వస్తే 60:40కి వెళ్లండి. 0.4, అంతకన్నా తక్కువ అయితే 70:30, ఇంకా చిక్కనైనా పర్లేదు, వాటి కిటికీలు అందుకు తగ్గట్టే ఉంటాయి. పల్చటిది పోసి తడిస్తే కాయిల్ బతుకుతుంది, తుడుచుకుని వాడుకోవచ్చు. చిక్కటిది పోసి మాడిస్తే కాయిల్ చెత్తబుట్టకే. అందుకే ముందు పల్చటి వైపు.

లీకు గురించి. 12–16 రాసి ఉన్న కాయిల్‌ను మాడుతుందన్న భయంతో 8 వాట్లలో పెట్టేవాళ్లు చాలామంది. దిగిన లిక్విడ్ ఆవిరి కాదు, గొట్టంలో నిలిచిపోతుంది. అప్పుడు వాట్లు పెంచాలి తప్ప లిక్విడ్‌ను తప్పుపట్టకూడదు. గాలి రంధ్రం బాగా మూసి బలంగా పీల్చినా అంతే, లిక్విడ్‌ను మనమే లోపలికి గుంజుతున్నట్టు.

లవణపక్షం:
రెండో జబ్బు ఎవరూ ముట్టుకోలేదు. సిగరెట్లు మానడం ఉద్దేశమైతే తృప్తే ముఖ్యం. లెక్క చూడండి. ఒక సిగరెట్ నుంచి ఒంటికి పట్టే నికోటిన్ సుమారు 1 మి.గ్రా., కొంచెం అటూ ఇటూ. 15 సిగరెట్లంటే సుమారు 15 మి.గ్రా. 0.8 ఓమ్ పాడ్ రోజుకు 3 మి.లీ. తాగిందనుకుందాం. 3 మి.గ్రా. లిక్విడ్‌తో మొత్తం 9 మి.గ్రా. మాత్రమే ఆవిరిలోకి వెళ్తుంది, అందులో ఒంటికి పట్టేది ఇంకా తక్కువ. ఈ ఆకలితో మనిషి నాలుగు దమ్ములు వరసగా లాగక ఏం చేస్తాడు? మీ మాడు రుచికి మూలం కూడా ఇక్కడే ఉంది! 3 మి.గ్రా. సీసా పుట్టింది 50, 60 వాట్లలో రోజుకు 10 మి.లీ. తాగే సబ్-ఓమ్ (తక్కువ ఓమ్ కాయిల్‌తో ఎక్కువ ఆవిరి ఇచ్చే) ట్యాంకుల కోసం.

ఇక సాల్టే ఎందుకంటే, ఫ్రీబేస్ నికోటిన్‌కు క్షారగుణం ఎక్కువ, మోతాదు పెరిగేకొద్దీ గొంతు గీరుతుంది. 18, 20 మి.గ్రా. ఫ్రీబేస్ చాలామంది గొంతుకు పట్టదు. సాల్ట్‌లో బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి ఆ క్షారగుణం తగ్గిస్తారు. అందుకే 20 మి.గ్రా. అయినా మెత్తగా దిగుతుంది. ఈ పరికరానికి 50:50, 20 మి.గ్రా. సాల్ట్. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

గొంతుమాట:
ఇంకో ఆలోచన కచ్చితంగా కావాలి. మీ లెక్క సరే, కానీ మెత్తగా దిగడమే సాల్ట్‌తో ఉన్న చిక్కు. ఫ్రీబేస్‌లో గొంతు మంటే పగ్గం. చాలు అని గొంతు చెబుతుంది, చెయ్యి ఆగుతుంది. సాల్ట్‌లో ఆ పగ్గం ఉండదు. చేతిలో పరికరం ఉన్నంతసేపూ లాగుతూ పోతే తల తిరగడం, వికారం, గుండె దడ వచ్చాక గానీ ఎక్కువైందని తెలియదు. పైగా సిగరెట్ తాగేవాళ్లు వెతుక్కునేది ఆ గొంతు తగులుడే. 50:50లో 12 మి.గ్రా. ఫ్రీబేస్ దాన్ని బాగా ఇస్తుంది, ఎందుకంటే పీజీ కూడా గొంతుకు తగిలే రకం. 12 నుంచి 9, 6, 3 అని దిగడానికీ మెట్లు సులువు.

ఇంట్లో రెండు పరికరాలున్నవారికి మరీ మరీ చెబుతున్నా. 20 మి.గ్రా. సాల్ట్ సీసాను సబ్-ఓమ్ ట్యాంకులో పోయకండి. రోజుకు 10 మి.లీ. తాగే ట్యాంకులో అది 200 మి.గ్రా. అవుతుంది. మెత్తగానే ఉంటుంది కాబట్టి మొదటి దమ్ములో హెచ్చరిక కూడా రాదు.

లవణపక్షం:
సబ్-ఓమ్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిగతాది మనిషిని బట్టి ఉంటుంది. మంట తట్టుకోలేక మూడో రోజే సిగరెట్‌కు తిరిగి వెళ్లేవాళ్లకు మీ పగ్గం అడ్డంకి. 20 ఎక్కువనిపిస్తే 10 మి.గ్రా. సాల్ట్ కూడా దొరుకుతుంది కదా.

దూదిచూపు:
అసలు మాడింది ఏదో చూడకుండానే మందులు రాస్తున్నారు. కాయిల్ బయటికి తీయండి. టిష్యూతో తుడిచి, గొట్టంలోంచి మెష్‌ను, కిటికీలోంచి దూదిని విడివిడిగా చూడండి.

మెష్ మీద నల్లగా, నిగనిగలాడే పెచ్చు కట్టి, కిటికీ దగ్గర దూది ఇంకా తెల్లగా, తడిగా ఉంటే అది తీపి వల్ల. స్వీటెనర్, ఎక్కువగా సుక్రలోజ్, వేసిన లిక్విడ్ ఆవిరయ్యాక మిగిలేది ఈ పెచ్చే. 50:50 చేసినా సాల్ట్ చేసినా ఇది పోదు, తీపి తక్కువ లిక్విడ్‌కు మారాలి. కస్టర్డ్, కారమెల్ లాంటి ముదురు రంగు రుచులతో ఇది తొందరగా వస్తుంది. అలా కాక మెష్ శుభ్రంగా ఉండి, దాన్ని ఆనుకున్న దూది గోధుమ రంగులో పొడిగా ఉంటే లిక్విడ్ అందలేదు. అప్పుడు మేస్త్రి గారి మాటా వర్తిస్తుంది, నానబెట్టడం గురించి మెల్లగాలాగు గారన్నదీ వర్తిస్తుంది.

ఏదైనా సరే, ఒకసారి కాలిన దూది మళ్లీ బాగుపడదు. కడిగి ఆరబెట్టినా మాడు వాసన అందులోనే ఉంటుంది. కొత్త కాయిల్ వేశాకే లిక్విడ్ గురించి తీర్పు చెప్పండి.

నిర్వాహకులు:
చర్చ బాగుంది, కొనసాగించండి. ఈ వేదికలో ప్రతి లిక్విడ్ చర్చలోనూ పెట్టే మాటలు ఇక్కడా పెడుతున్నాం. నికోటిన్ వ్యసనం కలిగిస్తుంది. ఇప్పటిదాకా పొగ తాగనివారు, మైనర్లు, గర్భిణులు ఇవేవీ మొదలుపెట్టొద్దు. సీసాకు పిల్లలు తీయలేని మూత ఉండాలి, సీసా వాళ్లకు అందని చోట ఉండాలి. కొన్ని మి.లీ. మింగినా చిన్నపిల్లల ప్రాణానికి ముప్పు. చర్మం మీద ఒలికితే వెంటనే కడుక్కోండి. నూనె ఉన్న రుచులు, వంట ఎసెన్సులు పోయొద్దు; నూనె ఊపిరితిత్తుల్లో చేరకూడదు. 2019లో అమెరికాలో వేపింగ్‌తో వచ్చిన తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బుకు ప్రధానంగా కారణమని తేలింది విటమిన్ ఇ అసిటేట్, అదీ నూనె లాంటి పదార్థమే. లేబుల్ లేని సీసా ఎంత చవకైనా వద్దు.

కొత్తసీసా:
దూదిచూపు గారు చెప్పినట్టు తీసి చూస్తే మెష్ శుభ్రంగానే ఉంది, దూది గోధుమ రంగు. ఈ 70:30 సీసాను పల్చన చేసి వాడొచ్చా? కొంచెం నీళ్లు కలపమన్నారు ఒకరు.

కాయిల్‌మేస్త్రి:
నీళ్లు వద్దు. వేడి మెష్ మీద నీరు చిటపటలాడి చుక్కలు నోట్లోకి ఎగురుతాయి. ఎంత పల్చన అయిందో అంచనా కూడా దొరకదు. పల్చన చేయాలంటే 50:50 లిక్విడ్‌తోనే చేయండి. 10 మి.లీ. మీ సీసాలోది, 10 మి.లీ. 50:50 సాల్ట్ 20 మి.గ్రా. కలిపితే వీజీ 7+5, మొత్తం 20లో 12, అంటే 60:40. నికోటిన్ 30+200, మొత్తం 230 మి.గ్రా.ను 20తో భాగిస్తే మి.లీ.కు 11.5. ఫ్రీబేస్, సాల్ట్ కలవకూడదన్న నియమం ఏమీ లేదు, రెండూ కలిపి అమ్మేవీ ఉన్నాయి. రుచులు పొసగాలంతే, అందుకని రెండూ ఒకే రకం పండో, మెంథాలో అయితే మేలు.

మెల్లగాలాగు:
కలిపే పనిలో ఇంకో మెలిక ఉంది. షార్ట్‌ఫిల్ సీసాలు (నికోటిన్ కలుపుకోవడానికి కొంత ఖాళీ వదిలినవి) కొనేవాళ్లు లేబుల్ మీది నిష్పత్తినే నమ్ముతారు. 60 మి.లీ. సీసాలో 50 మి.లీ. నికోటిన్ లేని 70:30 ఉంటుంది. అందులో 18 మి.గ్రా. నికోటిన్ షాట్ (కలపడానికి అమ్మే చిన్న సీసా) 10 మి.లీ. పోస్తే 180ని 60తో భాగించి 3 మి.గ్రా. సరే. కానీ ఆ షాట్ 50:50 అయితే వీజీ 35+5, 60లో 40. ఇప్పుడది సుమారు 67:33. తేడా చిన్నదే, అయినా కిటికీ అంచున ఉన్న కాయిల్‌కు ఆ మాత్రం చాలు. చలి ప్రదేశాల్లో అదే లిక్విడ్ ఇంకా చిక్కబడుతుంది. మధ్యాహ్నం బాగా నడిచిన పాడ్ తెల్లవారుజామున మాడు కొట్టిందంటే కారణం అదే. కాసేపు జేబులో వెచ్చబడనిచ్చి లాగండి.

11.5 మిశ్రమం బాగుంది. నేనైతే ముందు కాయిల్ కొత్తది వేసి, సరిగ్గా నానబెట్టి, అదే 70:30తో 14 వాట్లలో ఒక్క పాడ్ లాగి చూడమంటాను. మాడకపోతే వాదం నాదే.

కాయిల్‌మేస్త్రి:
మాడితే ఇంకో కాయిల్ పోతుంది, అందుకే నేను మిశ్రమంతోనే మొదలుపెట్టమంటాను. ఏ దారైనా, మొదటి అమరిక తరవాత ఒకసారికి ఒక్కటే మార్చండి. ఆ మొదటి అమరిక ఇది: కొత్త కాయిల్, 60:40 మిశ్రమం, 10 నిమిషాలు నాననివ్వడం, 12 వాట్లు. పాడ్‌లో పావు వంతు మిగలగానే నింపండి, కిటికీ అంచు గాలిలో తేలితే ఎంత పల్చటిదైనా మాడుతుంది. రెండు పాడ్‌ల దాకా మాడు రాకపోతే వాట్లు ఒక్కొక్కటిగా 14 దాకా పెంచండి. అప్పటికీ తృప్తి లేకపోతే నికోటిన్ పెంచే సంగతి మాట్లాడుకుందాం, అప్పుడు సాల్ట్ పక్షానికీ గొంతు పక్షానికీ మళ్లీ పని పడుతుంది. గుడగుడ వస్తే ముందు కాయిల్ అడుగునున్న రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. అది మడతపడితే 80:20 కూడా కారుతుంది.