అప్‌డేట్: ఎండిపోయిన పెండలం తీగ సంగతి తేలింది

గుంటూరులో మా ప్రహరీ మీద పాకిన పెండలం తీగ సంక్రాంతి వేళకి ఆకులు పసుపెక్కి ఎండిపోతోంది, ఏం తెగులో చెప్పమని అడిగాను కదా. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

అసలది తెగులే కాదు. లాం ఫారంలో (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం) ఉద్యానం వాళ్లకి తీగ ముక్క చూపిస్తే నవ్వేశారు. నాటిన 8, 9 నెలలకి తీగ దానంతట అదే ఎండుతుందట, దుంప ముదిరిందని గుర్తు. "నీళ్లు ఆపి తవ్వి చూడండి" అన్నవారి మాటే నిజమైంది. మిగతావాళ్లు చెప్పిన వేపనూనె, యూరియా, వేళ్లకి పట్టే నులిపురుగుల మందు... ఏదీ అక్కర్లేకపోయింది.

ఇది పెండలంలాగే కనిపించే అడవి రకం చేదు దుంపేమోనన్న టెన్షన్ కూడా పోయింది. మా తీగ కాడ నాలుగు పలకలుగా, అంచుల్లో రెక్కల్లా ఉంది, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. చేదు దుంపకైతే కాడ గుండ్రంగా ఉంటుంది, ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. తీగకి వేలాడే కాయల్లాంటి చిన్న దుంపలు చూసి మాత్రం తేల్చకండి, అవి రెండింటికీ రావచ్చు.

దుంప లోపల ఊదారంగు! అమ్మ బెల్లం వేసి పులుసు పెట్టింది. తరిగేటప్పుడు జిగురుకి చేతులు దురదపెడతాయి, నూనె రాసుకోండి. తలభాగం ముక్కలు తొలకరికి నాటడానికి దాచాం.