నేలపట్టు, పులికాట్‌లను ఒకే రోజున చూడాలంటే ముందు ఎటు వెళ్లాలి?

ప్రశ్న: జనవరిలో సూళ్లూరుపేట వైపు వెళ్లి, నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులనూ (పెలికాన్లనూ) పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలనూ ఫొటోలు తీయాలనుకుంటున్నాను. నా వద్ద 300 ఎంఎం లెన్స్ మాత్రమే ఉంది. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం: తెల్లవారేసరికి నేలపట్టు చేరుకోండి. చెరువు నీటిలో నిలిచిన కడప అనే రకం చెట్ల మీదనే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపను అందుకునే దృశ్యం కోసం ఒకే గూటి ఎదుట ఓపికగా నిలబడండి. పది చెట్ల చుట్టూ తిరగడం కంటే అదే మేలని నా అభిప్రాయం.

రెండవ సమాధానం: పై సలహాతో ఏకీభవిస్తున్నాను. పులికాట్‌ను సాయంత్రానికి ఉంచుకోండి, ఎందుకంటే మధ్యాహ్నం వేడిగాలికి దూరపు పక్షులు మసకబారుతాయి. శీతకాలపు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక సరస్సు మీదుగా వెళ్లే శ్రీహరికోట రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షులపై వెలుగు చక్కగా పడుతుంది. ఫ్లెమింగోలు దూరంగానే మేస్తాయి. మీ లెన్స్‌తో ఒక్క పక్షికి బదులు గుంపును తీయండి.

మూడవ సమాధానం: ఎగిరే ఫొటో కోసం దయచేసి చప్పుళ్లు చేయకండి. తల్లి లేచిపోతే గూటిలోని పిల్లలు ఎండకూ కాకులకూ చిక్కుతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు సరిగా పడకపోతే చెరువు నిండదు, పక్షులూ తగ్గుతాయి; అందువల్ల బయలుదేరే ముందు అటవీ శాఖ సిబ్బందిని నీటిమట్టం గురించి అడగండి.